ఎందుకైనా మంచిది

"దొంగతిండి తిన్న నోరు ఇట్లానే పుండవుతాది," అంది మా అత్త. రసం గిన్నె దించుతున్న నన్ను భుజం పట్టి కిటికీ వెలుతురువైపు తిప్పి, నోరు తెరిపించి చూశాక అన్న మాట అది.

మా ఇంట్లో వండేవాళ్ళు రుచి చూడకూడదు. ఉప్పు కంటితో వెయ్యాలి, పులుపు వాసనతో తెలుసుకోవాలి. పెరుమాళ్ళకు నైవేద్యమయ్యాక, మగవాళ్ళు తిన్నాక, మిగిలింది మాకు. నాలుక కొసకు చుక్క తగిలినా వండినదంతా ఎంగిలే. రాజపాళయంలో ఆ కాలంలో మా రాజుల ఇళ్ళన్నిట్లోనూ ఇంత పట్టింపు ఉండేదో లేదో తెలియదు గానీ మా అత్త ఇంట్లో ఉండేది. పెళ్ళయిన నాటినుంచి నేను కంటితోనే వండాను. ఉప్పు తగ్గితే "రంగనాయకి చేయి అంతే" అనేవాళ్ళు. సరిపోయిన రోజు ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. సరిపోవడమంటే ఎవరూ మాట్లాడకుండా తిని లేచి పోవడమే అని నేనూ అలవాటు పడ్డాను.

అరవై రెండో సంవత్సరం చివర్లో, నా బిడ్డ కుముదకు మూడేళ్ళు నిండకముందే, బుగ్గ లోపల తెల్లగా ఒక పొర లేచింది. పళ్ళు తోముకుంటుంటే చిట్లింది. వేడి చేసిందన్నారు. మానిన చోట మానుతుండగానే పక్కన ఇంకొకటి లేచేది. చిగుళ్ళు, నాలుక కింద, కొండనాలుక దాకా పుండ్లే. అగత్తికీర, అదే అవిసాకు, ఉడికించి తాగాను, కొబ్బరిపాలు పుక్కిలించాను. చింతపండు తగిలితే కళ్ళు బైర్లు కమ్మేవి. అందరికీ కారంగా పులుసు కాచి, ఆ పులుసు నేను తినలేక నీళ్ళు తాగి పడుకునేదాన్ని. ఆకలికి ఆగలేక ఒకరోజు, అన్నం వార్చగానే పిడికెడు తీసి మజ్జిగ పోసి రుబ్బురోలు వెనక మూతపెట్టాను. ఉప్పు కూడా వెయ్యలేదు. దేవుడికంటే ముందు, మగవాళ్ళకంటే ముందు తీసిపెట్టిన ఆ పిడికెడన్నం మా అత్తకు దొరికింది. ఆ తర్వాతే నన్ను వెలుతురులోకి తిప్పి నా నోరు చూసింది. పుండ్లున్నాయి కాబట్టి దాచుకున్నానని కాదు, దాచుకుని తిన్నాను కాబట్టి పుండ్లు లేచాయని తేలింది. నాకు నవ్వు రావలసిన మాట. నవ్వితే పెదవి పగిలేది.

వంటిల్లు నాకు తప్పింది. వంట తప్పింది కదా అని పని తప్పలేదు. మా ఆయన శ్రీరంగకు ఆస్పత్రి గుడ్డ వ్యాపారం. మగ్గాల నుంచి పలచటి గుడ్డ తాన్లు వస్తాయి. వాటిని చలవ చేయించి, పట్టీలుగా కోసి, బిగుతుగా చుట్టి, కాగితంలో కట్టి మదురైకీ ఇంకా పై ఊళ్ళకూ పంపుతారు. వెనక వసారాలో పాప్పమ్మాళ్ అనే ఆమె రోజంతా కూర్చుని కట్లు చుట్టేది. ఆమె పక్కన చాప వేసి నన్నూ కూర్చోబెట్టారు. ఆమెకు శనివారం కూలి ముట్టేది. నాది ఇంటి పని. చెక్కమీద పట్టీ పరిచి, కొసపోగులు పీకి, అరచేత్తో తోస్తూ చుట్టాలి. వదులైతే విప్పి మళ్ళీ చుట్టాలి. నా చుట్టు పాప్పమ్మాళ్ చుట్టుకంటే బిగుతని మా ఆయనే అనేవాడు. ఆ మాటకు సంతోషపడ్డ రోజులున్నాయి నాకు. ఆ ఇంట్లో నేను చేసిన పనిని బాగుందన్నది అదొక్కటే.

ఎండలు ముదిరేసరికి వీపు మీద నీటిపొక్కులు లేచాయి. అక్కి అన్నారు. అక్కి లేస్తే మా వైపు కుమ్మరిని పిలిచి, కావిమట్టితో ఒంటిమీద సింహం బొమ్మ రాయిస్తారు, మట్టి ఆరేసరికి పొక్కు మాడిపోతుందని. కుమ్మరి చెల్లయ్య వచ్చి నా వీపు వెనక కూర్చున్నాడు. కోడి ఈకను ఎర్రటి మట్టినీళ్ళలో ముంచి గీత గీశాడు. ఈక వెళ్ళిన దారంతా చర్మం ముడతపడి ఊడి వచ్చింది. నేను అరిచాను. "ఆడది ఇంతమాత్రం ఓర్చుకోలేదా, నేను ఐదు కాన్పులు ఓర్చుకుంటిని," అంది మా అత్త. అది నిజమే. ఆ ఐదుగురిలో ఒక్కడే బతికాడు, నా మొగుడు. ఆమె ఓర్పంటే నాకు భయమూ ఉండేది, జాలీ ఉండేది. బొమ్మ పూర్తయ్యేదాకా చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికాను. ఆ కొరకడానికి చిగుళ్ళు చిట్లి, కొంగంతా రక్తమైంది.

జ్వరం వచ్చాక మదురై పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు మా ఆయన. నా భర్త చెడ్డవాడు కాదని అందరూ అనేవాళ్ళు, నేనూ అనేదాన్ని. ఎప్పుడూ గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు. డాక్టరు "వాయ్ తొరంగమ్మా" అన్నాడు, నోరు తెరిచాను. టార్చి వేసి చూశాడు. వీపు మీద బాగున్న చోట బొటనవేలితో అదిమి తోశాడు, అక్కడా చర్మం కదిలింది. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. నేను పుట్టింటి ఊరు సేత్తూరు బడిలో అయిదో తరగతి దాకా తమిళం చదువుకున్నదాన్ని. నా నోటి గురించి, నా చర్మం గురించి, నా ముందే ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే పెంఫిగస్ అన్న మాట ఒక్కటి పట్టుకోగలిగాను. అది రోగం పేరో మందు పేరో కూడా తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "ఏం చెప్పినాడు డాక్టరు?"

"మాత్ర ఇచ్చినాడు. రోజూ వేసుకోవాల. కారం, పులుపు వద్దన్నాడు."

"ఇంకా?"

"అంతే. నువ్వు ఎక్కువ మాట్లాడొద్దు, నోరు నొప్పి పుడతాది."

ఇంటికి రాగానే మా అత్త గడపలోనే అడిగింది. "ఏమన్నాడు రా? ఒట్టుకుంటాదా? బిడ్డ ఉండాది ఇంట్లో." ఒట్టుకోవడమంటే ఒకరినుంచి ఒకరికి అంటుకోవడం. మా ఆయన చెప్పులు విడుస్తున్నాడు. ఒక చెప్పు విడిచాడు, రెండోది విడిచాడు. తల ఎత్తకుండా అన్నాడు, "ఎందుకైనా మంచిది, కుముదను నీ దగ్గరే పడుకోబెట్టుకో అమ్మా."

ఎందుకైనా మంచిది. రోజూ అనుకునే మాటే. మబ్బు పట్టకపోయినా గొడుగు తీసుకుని పోతూ అంటాం, తాళం వేసిన తలుపును ఇంకోసారి లాగి చూస్తూ అంటాం. ఆ మాటతో నాకు విడిగా ఒక పళ్ళెం వచ్చింది, ఒక గ్లాసు వచ్చింది, వెనక వసారాలో గోడవారగా ఒక చోటు వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు తల్లి తాను మెడలో వేసుకుని చూసుకున్న మాలనే స్వామికి పంపిందట, స్వామి అదే కావాలన్నాడట. మా అత్త మార్గళి నెలలో ఆ గుడికి వెళ్ళి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వచ్చి, నా గ్లాసును చీపురు కొసతో పక్కకు జరిపేది.

పళ్ళెం విడిగా పెడితే నాకు అంత బాధ లేదు. అంటుకునే రోగమే అయితే నేనే విడిగా పెట్టుకునేదాన్ని. పాలు వేడిగా ఉన్నాయేమోనని పెదవికి తగిలించి చూసి తాగించిన బిడ్డ అది. అన్నం పిసికి, నా నోటితో ఊది చల్లార్చి పెట్టేదాన్ని. తిన్నాక మూతి తుడిచి, తుడిచిన చోట ముద్దు పెట్టేదాన్ని. ముద్దా పోయింది, ముద్దూ పోయింది. మొదట్లో అది ఏడ్చింది. తలుపు కింద సందులోంచి వేళ్ళు పెట్టి పిలిచేది. నేను ఆ వేళ్ళను తాకకుండా చాపమీద అటు తిరిగి కూర్చునేదాన్ని. నా బిడ్డకు ఈ నోరు రాకూడదని నేనే ఆ తలుపును నా వైపునుంచి పట్టుకున్నాను. ఎవరో నన్ను వెలివేశారని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, ఆ వెలిని కాపలా కాసింది నేనే. మెల్లగా అది ఏడవడం మానేసింది. పిలవడం మానేసింది. అది ఏడుపు మానేసిన రోజున నేను ఏడ్చాను.

మాత్రలు పనిచేశాయి. పొక్కులు తగ్గాయి, నోట్లో కూడా పుండ్లు పలచబడ్డాయి. మొహం మాత్రం ఉబ్బింది. "నోరు మండుతా ఉండాది, తినలేను అంటాది, చూడు మొహం గుమ్మడికాయ మాదిరి," అని మా అత్త వచ్చినవాళ్ళకు చూపించేది. చిక్కితే దొంగతిండి, ఉబ్బితే బండతిండి. మాత్రలు అయిపోయిన వారాల్లో, మదురై పోవడానికి మా ఆయనకు తీరిక లేని వారాల్లో, మళ్ళీ అన్నీ లేచేవి. చేతులు రెండిటికీ మోచేతిదాకా పొక్కులు. మా గుడ్డే, కోయగా మిగిలిన కొసలు, చేతులకు చుట్టుకుని కూర్చుని ఊళ్ళ ఆస్పత్రులకు కట్లు చుట్టేదాన్ని.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి లోపలి హాల్లో కుముద ఆడుకుంటుంటే చూశాను. కొయ్యబొమ్మలను వరసగా కూర్చోబెట్టి, ముందు ఆకు ముక్కలు వేసి వడ్డిస్తోంది. ఇది అవ్వ, ఇది నాయన, ఇది నేను. ఒక బొమ్మను తీసి గోడ మూలకు పెట్టింది, దాని ముందు కొబ్బరిచిప్ప పెట్టింది. వడ్డిస్తూ అక్కడికి వచ్చినప్పుడు చెయ్యి పైకెత్తి, దూరంనుంచి వేసింది. "అది ఎవురే?" అని నా పక్కనుంచి పాప్పమ్మాళ్ అడిగింది. కుముద వింతగా చూసింది, తెలియదా అన్నట్టు. "అమ్మ," అంది. అందులో కోపం లేదు, బాధ లేదు. అమ్మ అంటే మూలన ఉండేది, అంతే. నేను కట్టు చుడుతూనే ఉన్నాను. ఆ రోజు చుట్టినవన్నీ వదులయ్యాయి, విప్పి మళ్ళీ చుట్టవలసి వచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, వానలు మొదలయ్యే కాలం, ఒక ఆదివారం. సరుకు తొందరగా పంపాలని ఆదివారమూ పని పెట్టాడు మా ఆయన. పాప్పమ్మాళ్ వేళ్ళ సందుల్లో గోక్కుంటూ కూర్చుంది. మా ఆయన వసారాలోకి వచ్చి చూసి ఆగిపోయాడు.

"చెయ్యి చూపించు," అన్నాడు.

ఆమె చూపించింది. వేళ్ళ మధ్య చిన్నచిన్న పొక్కులు. గజ్జి, మా వైపు సిరంగు అంటారు.

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి పెంచాడు. "సిరంగు చేతితో గుడ్డ ముట్టినావా? బుద్ధి ఉండాదా నీకు? ఆస్పత్రికి పోయే సామాను ఇది! ఎవరికన్నా ఒట్టుకుంటే కంపెనీ పేరేం కావాల? లే, లే, బాగయ్యేదాకా రావద్దు."

పాప్పమ్మాళ్ లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె ముట్టిన కట్లన్నీ కాలితో ఒక మూలకు తోశాడు, కాల్చెయ్యమన్నాడు. ఆమె ముట్టని పట్టీలు తీసి, దుమ్ము దులిపి, నా ఒళ్ళో పెట్టాడు.

"ఇది నువ్వు చుట్టు. సాయంకాలానికి కావాల."

నేను ఆ గుడ్డ వైపు చూశాను. తెల్లగా ఉంది. దానికింద నా చేతులున్నాయి, మోచేతుల దాకా కట్లతో. ఒక కట్టు తడిసి పసుపుగా మరకైంది. ఆ చేతుల మీద ఆస్పత్రి గుడ్డ పెట్టి ఆయన వెనక్కి తిరిగాడు, నింపాదిగా, ఏ అనుమానమూ లేకుండా. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. కానీ ఇంత లెక్క నాకు వస్తుంది. వేలి సందు గజ్జికి కూడా గుడ్డ కాల్పించే మనిషి, నిజంగా అంటుకునే రోగమున్న చేతికి తన సరుకు ఇస్తాడా? ఈ రెండేళ్ళూ ఇచ్చాడు. రోజూ ఇచ్చాడు. నా చుట్టు బిగుతని మెచ్చుకుని మరీ ఇచ్చాడు.

నోరు తెరిస్తే నొప్పి. తెరిచాను.

"ఇది ఒట్టుకోదు కదా?"

ఆయన ఆగాడు.

"నా రోగం. ఒకరినుంచి ఒకరికి ఒట్టుకోదు కదా?"

"ఇప్పుడెందుకు అదంతా..."

"డాక్టరు చెప్పినాడా?"

చెడ్డవాడు కాదని చెప్పాను కదా, సూటిగా అడిగితే అబద్ధం చెప్పడు. చెప్పలేదు. గోడ వైపు చూస్తూ అన్నాడు, "మొదటి రోజే చెప్పినాడు. ఒట్టుకునే జాతి కాదు, ఒంట్లోనే పుట్టేది అన్నాడు. అమ్మకు చెప్తే నమ్మేది కాదు. ఇంట్లో రోజూ సండ, కొట్లాట. బిడ్డ కూడా చిన్నది. సరి, ఎందుకైనా మంచిదని..."

"ఎవరికి మంచిది?"

అంతే అడిగాను. ఎన్నో అడగాలనుకున్నాను, నోరు కలిసిరాలేదు. "నువ్వూ ఎప్పుడూ అడగలేదే," అన్నాడు, మెల్లగా, కొంచెం నొచ్చుకున్నట్టు కూడా. బస్సులో అడిగాను. ఇంకా ఏమన్నాడని అడిగాను. నోరు నొప్పి పుడుతుంది, మాట్లాడొద్దన్నాడు. నా నొప్పిమీద ఆయనకున్న శ్రద్ధ అంతా నన్ను మాట్లాడనీయకపోవడానికే పనికొచ్చింది. నాకు కోపం రావాలి. కోపం రాలేదు. తలుపు కింద సందులోంచి వచ్చిన ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. నేను తాకని వేళ్ళు. తాకి ఉండవచ్చు. ప్రతిరోజూ తాకి ఉండవచ్చు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉండవచ్చు, పక్కలో పడుకోబెట్టుకుని ఉండవచ్చు. దానికి మాటలన్నీ వచ్చాయి, గౌను పొట్టిదైంది ఈ రెండేళ్ళలోనే. ఒళ్ళో ఉన్న పట్టీలను తీసి చెక్కమీద పెట్టాను.

"ఇకమీద నేను చుట్టను," అన్నాను.

"సాయంకాలం లారీ..."

"చుట్టను."

లేచి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, తడిసిన కట్టు విప్పి పొడిది చుట్టుకుని, వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళాను. హాల్లో మా అత్త కుముదకు అన్నం పెడుతోంది. నన్ను చూసి ఆమె చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

"ఏమే, ఇట్లా వస్తా ఉండావు? బిడ్డ ఉండాదని తెలీదా?"

"ఒట్టుకోదంట అత్తా. మొదటి రోజే డాక్టరు చెప్పినాడంట. మీ కొడుకును అడగండి."

ఆయన నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మా అత్త ఆయన మొహం చూసింది. ఆయన నేల చూశాడు. ఆమె అరుస్తుందని అనుకున్నాను. అరవలేదు. ముసలి మొహం ఒక్కసారిగా చిన్నదైపోయింది. "నాకు చెప్పలేదే రా," అంది. "నాకన్నా చెప్పి ఉండకూడదా? నేనేం రాకాసినా?" నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న మనిషి, మిగిలిన మనవరాలికి రోగమొస్తుందేమోనని రెండేళ్ళు వణికిన మనిషి. ఆమెను కూడా ఆయన ఆ మాటతోనే కట్టేశాడు. ఆమె కొంచెం పక్కకు జరిగింది. జరిగి, పళ్ళెం నా వైపు తోసింది. ఆ ఇంట్లో ఆమె నాకోసం జరగడం అదే మొదటిసారి.

నేను కుముద ముందు కూర్చున్నాను. దగ్గరనుంచి చూస్తే దాని కనుబొమ మీద ఒక పుట్టుమచ్చ ఉంది, అది ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. మజ్జిగన్నం పిసికి చిన్న ముద్ద చేశాను. ఊదబోయి, ఊదకుండా ఆగాను. ముద్దను దాని పెదవి దగ్గరకు తీసుకెళ్ళాను.

కుముద రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తిను తల్లీ."

తల అడ్డంగా ఊపింది. వేళ్ళ వెనకనుంచి అంది, "నాకూ నోరు పుండవుతాది."

"కాదమ్మా. నా నుంచి నీకు రాదు."

"వస్తాది. నాయన చెప్పినాడు."

నేను గుమ్మం వైపు తిరగలేదు. ఆయనే ఒక అడుగు లోపలికి వేసి అన్నాడు, "ఏమీ కాదు కుముదా. తిను. అమ్మ కదా."

బిడ్డ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, మా ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక అవ్వ వైపు చూసింది. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అది చూసి కుముద ఇంకా గట్టిగా మూసుకుంది. ఇంతకాలం నేర్పించిన మాట అది, చక్కగా నేర్చుకుంది. తప్పు దానిది కాదు. తెలివైన పిల్ల.

ముద్ద నా వేళ్ళలోనే ఉండిపోయింది. బలవంతం చెయ్యవచ్చు. చేతులు లాగి పెట్టవచ్చు, పిల్లలకు అలా పెట్టని తల్లి ఉండదు. కానీ నా నోరు తెరిపించి వెలుతురులోకి తిప్పి చూసినవాళ్ళ చేతులు నాకు తెలుసు. దాని నోటికి ఆ చేతులు నావి కాకూడదు.

"సరే తల్లీ," అన్నాను. "రేపు మళ్ళీ అడుగుతా."

ఆ ముద్ద నేనే తిన్నాను, దాని ఎదురుగా, హాలు నడుమ కూర్చుని. అది వేళ్ళ సందులోంచి చూస్తూ, మెల్లగా, నాకు అందనంత దూరం జరిగింది.